జీఎల్‌పీఐలోకి మా కాలేజీ సిస్టమ్‌లన్నీ ఎక్కించాక

2021 నవంబరు వానల్ని తిరుపతి వాళ్లెవరూ మర్చిపోరు. కపిలతీర్థం దగ్గర కొండ మీంచి నీళ్లు విరుచుకుపడి, వీధులన్నీ ఏరులై పారిన ఆ రోజుల్లో మా కాలేజీ స్టోర్‌రూమ్‌లోకి కూడా మోకాలి లోతు నీళ్లొచ్చాయి. కింది అరలో ఉన్న స్టాక్ రిజిస్టర్లు నాని ముద్దయ్యాయి. ఏ ల్యాబ్‌కు ఏ సిస్టమ్ ఎప్పుడు కొన్నాం, ఎవరి దగ్గర కొన్నాం, వారంటీ ఎన్నాళ్లు అన్న లెక్కంతా వాటిలోనే ఉండేది. స్టోర్స్ సార్ ఆ పేజీలను ఫ్యాను కింద ఒక్కొక్కటే ఆరబెట్టి, కళ్లకు ఆనినంత వరకు ఎక్సెల్‌లో ఎక్కించారు. ఆ తర్వాత చాలాకాలం ఆ షీటుతోనే నెట్టుకొచ్చాం.

నేను ఆ కాలేజీలో సిస్టమ్ అడ్మిన్‌ని. తిరుపతిలో ఒక క్యాంపస్, చిత్తూరులో ఒక చిన్న క్యాంపస్, రెండింటికీ కలిపి నేను, నా కింద ఇద్దరు ల్యాబ్ అసిస్టెంట్ కుర్రాళ్లు. పోయినేడు తనిఖీకి వచ్చినవాళ్లు రెండో ల్యాబ్‌లో నిలబడి, షీటు చేతిలో పట్టుకుని లెక్కపెట్టారు. షీటులో 61, బల్లల మీద 57. "మిగతా నాలుగూ ఏవమ్మా?" అని అడిగితే నా నోట మాట రాలేదు. అదే నెలలో ఒక మానిటర్‌ పవర్ బోర్డు పోతే 2,800 రూపాయలు పెట్టి బాగుచేయించాం. వారం తర్వాత పాత ఫైల్లో దాని బిల్లు దొరికింది. రిపేరుకు ఇచ్చిన రోజుకు వారంటీ ఇంకా ఇరవై రోజులుంది. డబ్బు నాది కాకపోయినా ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

అందుకని పట్టుబట్టి జీఎల్‌పీఐ పెట్టించాను. కంప్లయింట్లు టికెట్లుగా తీసుకోవడం, సామాను లెక్క, వారంటీలు, బిల్లులు అన్నీ ఒకేచోట ఉండే ఉచిత సాఫ్ట్‌వేర్ ఇది. 2003లో ఫ్రాన్స్‌లో పుట్టింది. పేరు కూడా ఫ్రెంచ్ మాటల పొడి అక్షరాలే. ఇప్పుడు టెక్లిబ్ అనే సంస్థ దాన్ని నడిపిస్తోంది. బ్రౌజర్‌లో తెరుచుకుంటుంది కాబట్టి సిబ్బందికి కొత్తగా ఏదీ వేసిపెట్టక్కర్లేదు. మేము ఒక పాత డెస్క్‌టాప్‌లో ర్యామ్ 8 జీబీకి పెంచి, ఉబుంటు (ఉచిత లైనక్స్ ఆపరేటింగ్ సిస్టమ్) వేసి, దానిలో పెట్టాం. ఇన్‌స్టాలేషన్ ఒక మధ్యాహ్నం పని. అది అయ్యాక రెండు పనులు మాత్రం ఆ రోజే చేసేయండి. ఫోల్డర్‌లో మిగిలిపోయే ఇన్‌స్టాల్ ఫైలును తీసెయ్యాలి. మొదట్లో దానంతట అది పెట్టే నాలుగు లాగిన్ల పాస్‌వర్డులు మార్చాలి. ఆ పాస్‌వర్డులు లోకమంతటికీ తెలుసు.

సాఫ్ట్‌వేర్ పెట్టడం సులువు. సిస్టమ్‌లను దానిలోకి ఎక్కించడమే అసలు పని. మాకు ఐదు వారాలు పట్టింది. వరస ముందే తెలిసి ఉంటే రెండు వారాల్లో అయ్యేది. నేను ఇది రాస్తున్నది ఆ వరస చెప్పడానికే.

ఎక్కించడానికి దారులు రెండు. ఒకటి, మన ఎక్సెల్ షీటును సీఎస్‌వీగా, అంటే గడుల మధ్య కామాలుండే మామూలు టెక్స్ట్ ఫైలుగా మార్చి, డేటా ఇంజెక్షన్ అనే ప్లగిన్ (జీఎల్‌పీఐకి తగిలించే అదనపు ముక్క) ద్వారా పంపడం. రెండోది, ప్రతి సిస్టమ్‌లో జీఎల్‌పీఐ ఏజెంట్ అనే చిన్న ప్రోగ్రాం వేయడం. అది ప్రాసెసర్, ర్యామ్, డిస్కు, సీరియల్ నంబరు, వేసి ఉన్న సాఫ్ట్‌వేర్లు అన్నీ చదివి సర్వర్‌కు పంపుతుంది. కేబుల్ ద్వారా మానిటర్‌ మోడల్, సీరియల్ నంబరు కూడా చదువుతుంది. 2022 ఏప్రిల్‌లో వచ్చిన 10వ వెర్షన్ నుంచి ఈ రిపోర్టులు తీసుకోవడం జీఎల్‌పీఐలోనే ఉంది. అంతకుముందు ఫ్యూజన్ ఇన్వెంటరీ లాంటి వేరే ప్లగిన్ కావాల్సి వచ్చేది. పాత వీడియోలు చూసి దాన్ని వేసుకోకండి, ఇప్పుడు అవసరం లేదు. అడ్మినిస్ట్రేషన్ మెనూలో ఇన్వెంటరీ పేజీకి వెళ్లి, ఎనేబుల్ ఇన్వెంటరీ అన్న గడిలో టిక్ పెట్టడం మాత్రం మర్చిపోవద్దు. మొదట అది ఖాళీగా ఉంటుంది. టిక్ లేకపోతే ఏజెంట్ ఎన్నిసార్లు తలుపు తట్టినా సర్వర్ తియ్యదు. మేము ఒక పూట నెట్‌వర్క్ కేబుళ్లన్నీ పీకి చూశాక ఆ గడి కనబడింది.

సహజంగానే మేము చేతిలో ఉన్న షీటుతో మొదలుపెట్టాం. 371 వరసలు. మొదటి ల్యాబ్ వరకు ఎక్కించి, తర్వాత అదే ల్యాబ్‌లో ఏజెంట్ వేశాం. సీరియల్ నంబరు కలిస్తే పాత ఎంట్రీతో జతపడాలి, లేకపోతే కొత్తది తయారవ్వాలి. అదే దాని నియమం. మర్నాడు చూస్తే ల్యాబ్‌లో ఉన్నవి 50, తెరమీద కనిపిస్తున్నవి 93. సాఫ్ట్‌వేర్ చెడిపోయిందని మా కుర్రాడు గాభరాపడ్డాడు. అది సరిగ్గానే పనిచేసింది. మా షీటులోని సీరియల్ నంబర్లలో ఏడు మాత్రమే నిజం.

ఆ నంబర్లు ఎందుకు తప్పాయో చెప్పాలి, ఎందుకంటే మీ షీటులో కూడా ఇవే ఉంటాయి. మొదటిది చేతిరాత: తడిసిన కాగితం మీద 8 అంకె ఇంగ్లిష్ బి లాగా, సున్నా ఓ లాగా కనబడుతుంది. రెండోది ఎక్సెల్. సున్నాతో మొదలయ్యే నంబరు కొడితే ముందున్న సున్నాలు మింగేస్తుంది. ఇంకొకటి ఉంది, నేను ఎప్పుడూ ఊహించలేదు. మా సిస్టమ్ ఒకదాని వెనక స్టిక్కర్ మీద 52113ఈ2 లాంటి నంబరు ఉంది. ఎక్సెల్‌కు అంకెల మధ్య ఇంగ్లిష్ 'ఈ' (E) అక్షరం కనబడితే అది 52113 పక్కన రెండు సున్నాలు అనుకుంటుంది. గడిలో 5.21ఈ+06 అని చూపిస్తుంది. సీఎస్‌వీగా సేవ్ చేస్తే అదే వెళ్లిపోతుంది, అసలు నంబరు ఇక తిరిగి రాదు. సీరియల్ నంబర్ల కాలమ్ మొత్తాన్ని ఏదీ టైపు చేయకముందే టెక్స్ట్ ఫార్మాట్‌లోకి మార్చుకోవాలి. టైపు చేశాక మారిస్తే ఉపయోగం లేదు.

అప్పుడు వరస తిప్పేశాం. ముందు ఏజెంట్, తర్వాత షీటు. సీరియల్ నంబరు మనిషి టైపు చేయకూడదు, మదర్‌బోర్డు నుంచే రావాలి. ఏజెంట్లు అన్నిచోట్లా వేసి, నిజమైన నంబర్లతో సిస్టమ్‌లన్నీ తెరమీదికి వచ్చాకే డేటా ఇంజెక్షన్ తెరిచాం. ఆ ప్లగిన్‌లో ఒక మోడల్ తయారుచేసుకోవాలి: ఏ కాలమ్ ఎక్కడికి వెళ్లాలి, తేదీలు ఏ పద్ధతిలో ఉన్నాయి, గడుల మధ్య కామా ఉందా సెమీకోలన్ ఉందా అని. అందులో సీరియల్ నంబరును జతకలిపే ఫీల్డుగా పెట్టి, ఉన్నవాటిని మార్చడానికి అవును అని, కొత్త వరసలు సృష్టించడానికి వద్దు అని చెప్పాం. ఆ 'వద్దు' అన్న ఒక్క ఎంపిక మా పనిని కాపాడింది. షీటులో నంబరు కలిసిన ప్రతిదానికీ కొన్న తేదీ, వారంటీ నెలలు, సప్లయర్, గది వెళ్లి అతుక్కున్నాయి. కలవని వరసలు ఏవో లోపల దూరి కూర్చోకుండా, తప్పిన వరసల జాబితాగా బయటికి వచ్చాయి. ఆ జాబితా ప్రింటు తీసుకుని నేనూ, మా కుర్రాళ్లూ సెల్‌ఫోన్ లైటు వేసి సీపీయూల వెనక స్టిక్కర్లు చూసుకుంటూ తిరిగాం. 371 వరసల్లో 22 ఒకే సిస్టమ్‌ను రెండుసార్లు రాసినవి. మిగిలిన 349లో 346 పనిచేస్తున్నాయి, మూడు స్క్రాప్ గదిలో దొరికాయి.

ఇక్కడే ఇంకో జాగ్రత్త. గదుల పేర్ల లాంటివి షీటులో ఉన్నవి ఉన్నట్టు సృష్టించుకోవడానికి ప్లగిన్‌కు అనుమతి ఇవ్వచ్చు. మొదటిసారి ఇచ్చాం. రెండో ల్యాబ్ ఒక్కటే నాలుగు గదులైంది: ల్యాబ్ 2, ల్యాబ్-2, సెకండ్ ల్యాబ్, చివర్లో ఒక స్పేస్ పడిన ల్యాబ్ 2. గదుల పేర్లు ముందు మనమే జీఎల్‌పీఐలో చేత్తో కొట్టుకుని, షీటులో అవే పేర్లు వాడితే ఈ తలనొప్పి ఉండదు.

ఏజెంట్ వేయడం గురించి. మా ల్యాబులు డొమైన్‌లో, అంటే ఒకే సర్వర్ అజమాయిషీ కింద లేవు, కాబట్టి ఒకేచోట కూర్చుని అన్నింటికీ పంపే వీలు లేదు. పెన్‌డ్రైవ్‌లో ఏజెంట్‌ను ఇన్‌స్టాల్ చేసే ఎంఎస్ఐ ఫైలు, పక్కన దాన్ని నడిపే ఆదేశాలు రాసిన ఒక బ్యాచ్ ఫైలు పెట్టుకున్నాం. సర్వర్ అడ్రసు, ట్యాగ్ (ఏ క్యాంపస్‌దో చెప్పే గుర్తు), వెంటనే రిపోర్టు పంపమనే మాట అన్నీ అందులోనే రాసి ఉంచితే, అడ్మినిస్ట్రేటర్‌గా నడిపితే చాలు. సిస్టమ్‌కు రెండు నిమిషాలు. సర్వర్‌కు సొంతంగా తయారుచేసుకున్న భద్రతా సర్టిఫికెట్ (https కోసం) పెట్టి ఉంటే ఏజెంట్ దాన్ని నమ్మదు. ఆ సర్టిఫికెట్ ఫైలును ఏజెంట్‌కు కూడా ఇవ్వాలి.

మూడో ల్యాబ్‌లో 48 సిస్టమ్‌లు. ఒక శనివారం మధ్యాహ్నం కూర్చుని అన్నింటిలో వేశాం. తెరమీద 48 వచ్చాయి. సంతోషంగా ఇంటికెళ్లాం. సోమవారం వచ్చి చూస్తే ఒక్కదానిలోనూ ఏజెంట్ లేదు. పిల్లలు సెట్టింగులు పాడుచేయకుండా ఆ ల్యాబ్‌లో ఎప్పుడు రీస్టార్ట్ చేసినా పాత స్థితికే తీసుకొచ్చే సాఫ్ట్‌వేర్ ఉంది. అది మేమే వేయించి మర్చిపోయాం. మా పెద్ద కుర్రాడు ముఖం చిన్నబుచ్చుకుని, "అక్కా, మళ్లీ మొదట్నుంచా?" అన్నాడు. మొదట్నుంచే. ఈసారి లాక్ తీసి, ఏజెంట్ వేసి, అది ఒకసారి రిపోర్టు పంపిందని సర్వర్‌లో చూసుకుని, ఆ తర్వాతే లాక్ వేశాం. రిపోర్టు పంపకముందే లాక్ వేస్తే ఏజెంట్ ప్రతి రీస్టార్ట్‌కూ తనకు కొత్త గుర్తింపు తయారుచేసుకుంటుంది, ఏజెంట్ల జాబితా కొండలా పెరుగుతుంది. ఒక సిస్టమ్ డిస్కును అచ్చంగా కాపీ (క్లోన్ ఇమేజ్) తీసి మిగతావాటిలో వేసేవాళ్లకు దీనికి తలకిందుల ఇబ్బంది: ఇమేజ్‌లో ఏజెంట్ గుర్తింపు ఉండిపోతే అన్ని సిస్టమ్‌లూ ఒకే పేరుతో పలుకుతాయి. ఇమేజ్ తీసేముందు ఆ గుర్తింపును తుడిచేయాలి.

అన్నింటికంటే నన్ను ఎక్కువ తిప్పింది నాలుగు అసెంబుల్డ్ సిస్టమ్‌లు. బ్రాండెడ్ వాటిలో సీరియల్ నంబరు ఫ్యాక్టరీలోనే రాసి ఉంటుంది. అసెంబుల్డ్ వాటిలో చాలాసార్లు ఆ చోట 'డీఫాల్ట్ స్ట్రింగ్' అనో, 'టు బి ఫిల్డ్ బై ఓఈఎం' (తయారీదారు నింపాలి) అనో ఉంటుంది. జీఎల్‌పీఐ దగ్గర ఇలాంటి పనికిరాని నంబర్ల బ్లాక్‌లిస్ట్ ఉంది, వాటిని సీరియల్‌గా లెక్కలోకి తీసుకోదు. అప్పుడు మిగతా ఆధారాలు చూస్తుంది. వాటిలో నెట్‌వర్క్ కార్డుకు ఉండే సొంత గుర్తింపు నంబరు, అంటే మ్యాక్ అడ్రసు, ఒకటి. మా నాలుగు సిస్టమ్‌లకూ ల్యాన్ పోర్టు పాడైంది. ఏజెంట్ వేసేటప్పుడు మా కుర్రాడు ఒకే యూఎస్‌బీ ల్యాన్ అడాప్టర్‌ను ఒకదాని తర్వాత ఒకదానికి గుచ్చుకుంటూ పోయాడు. అడాప్టర్ ఒకటే కాబట్టి మ్యాక్ అడ్రసు ఒకటే. తెరమీద నాలుగింటికి బదులు ఒక్కటే సిస్టమ్ ఉంది, పొద్దున ఒక ర్యామ్, మధ్యాహ్నం ఇంకో ర్యామ్ చూపిస్తోంది. దాని హిస్టరీ ట్యాబ్ తెరిచి, గంటకోసారి డిస్కు మారడం చూశాక గానీ సంగతి బోధపడలేదు. ఆ నాలుగింటికీ వేరువేరు పేర్లు పెట్టి, దిగుమతి నియమాల్లో మ్యాక్‌తో జతకలిపేదాన్ని ఆపి, పేరుతో జతకలిపేదాన్ని ఉంచాం. నాలుగూ విడివిడిగా వచ్చాయి. ఈ నియమాలన్నీ పై నుంచి కిందికి వరసగా నడుస్తాయి, మనం జరుపుకోవచ్చు, ఆపుకోవచ్చు. జీఎల్‌పీఐలో నాకు బాగా నచ్చింది ఇదే. ఏ సిస్టమ్ ఎందుకు కలిసింది, ఏది ఎందుకు తిరస్కరించింది అన్నది దాచకుండా చూపిస్తుంది. తిరస్కరించినవాటికి వేరే జాబితానే ఉంది.

చిత్తూరు క్యాంపస్ ఇక్కడికి డెబ్బై కిలోమీటర్లు. అక్కడి నెట్‌వర్క్ నుంచి మా సర్వర్ కనబడదు, దాన్ని ఇంటర్నెట్‌లో బయటపెట్టడం నాకు ఇష్టం లేదు. ఏజెంట్‌కు ఇన్‌స్టాల్ చేయకుండా నడిపే పోర్టబుల్ రూపం ఉంది. దాన్ని పెన్‌డ్రైవ్‌లో వేసుకుని పొద్దున బస్సెక్కాను. అక్కడి అటెండర్ అన్న నాకంటే ముందే ల్యాబులు తెరిచి, అన్ని సిస్టమ్‌లూ ఆన్ చేసి ఉంచాడు. ఆయన సాయం లేకపోతే ఒక్కరోజులో అయ్యేది కాదు. ఒక్కో సిస్టమ్‌లో నడిపితే రిపోర్టు సర్వర్‌కు పోకుండా పెన్‌డ్రైవ్‌లోనే ఫైలుగా పడుతుంది. 78 సిస్టమ్‌లు, 78 ఫైళ్లు. తిరుపతికి వచ్చాక ఇంజెక్టర్ అనే దాని తోడు ప్రోగ్రాంతో ఫోల్డర్ మొత్తాన్ని ఒకేసారి సర్వర్‌లోకి పంపాం. రెండు మూడు ఫైళ్లే అయితే ఇన్వెంటరీ పేజీలోనే అప్‌లోడ్ చేయొచ్చు. చిత్తూరువాటికి ట్యాగ్ వేరుగా ఇచ్చాం, ఆ ట్యాగ్ చూసి నియమమే వాటిని చిత్తూరు విభాగంలో పెట్టింది. కాకపోతే వాటి సమాచారం రోజూ తాజా అవదు. మూడు నెలలకోసారి నేను మళ్లీ బస్సెక్కాలి.

యూపీఎస్‌లు, ప్రొజెక్టర్లు ఏజెంట్‌కు కనబడవు. వాటికి షీటే దిక్కు. నెట్‌వర్క్ ప్రింటర్లు, స్విచ్‌లను ఎస్‌ఎన్‌ఎంపీ (నెట్‌వర్క్ పరికరాలను పలకరించి వివరాలు అడిగే పద్ధతి) ద్వారా వెతికి పట్టుకోవచ్చు, ప్రింటర్ ఎన్ని పేజీలు కొట్టిందో కూడా వస్తుంది. మాకున్నవి ఐదే కాబట్టి నేను దాని మీద ఎక్కువ కూర్చోలేదు.

ఇప్పుడు ఎలా ఉందంటే, మేడంలు, సార్లు ఫోన్ చేసి "మా సిస్టమ్ ఆన్ అవడం లేదు" అనడం తగ్గింది. టికెట్ పెట్టేటప్పుడు వాళ్ల పేరు మీదున్న సిస్టమ్ అక్కడే కనబడుతుంది, ఎంచుకుంటే చాలు. నేను టికెట్ తెరవగానే అది ఏ మోడల్, ఇంతకుముందు ఎన్నిసార్లు చెడింది, వారంటీ ఉందా లేదా అన్నీ పక్కనే ఉంటాయి. తనిఖీ రోజు కనబడకుండా పోయిన ఆ నాలుగూ దొరికాయి. మూడు ఎగ్జామ్ సెక్షన్ ఐపీ అడ్రసులతో, ఒకటి ప్లేస్‌మెంట్ ఆఫీసు నుంచి రిపోర్టు పంపుతున్నాయి. ఎప్పుడో పరీక్షల హడావుడిలో తీసుకెళ్లారు, ఎవరూ రాసుకోలేదు. ఇంకోసారి మూడో ల్యాబ్‌లో 17వ నంబరు సిస్టమ్ బాగా నెమ్మదించిందని పిల్లలు చెప్పారు. హిస్టరీలో చూస్తే ముందు శుక్రవారం ర్యామ్ 8 జీబీ నుంచి 4 జీబీకి తగ్గింది. ఆ రోజు బయటి నుంచి వచ్చిన సర్వీసు మనిషి పక్క సిస్టమ్‌ను నడిపించడానికి ఇందులోంచి ఒక ముక్క తీసి పెట్టాడు. అడిగితే ఒప్పుకుని, కొత్తది తెచ్చి వేశాడు. షీటు ఉన్న రోజుల్లో అయితే ఆ సిస్టమ్ పాతబడిందని రాసేసేవాళ్లం.

ఎవరు పెట్టుకోవచ్చు అంటే, ముప్పై నలభై సిస్టమ్‌లున్న చిన్న ఆఫీసుకు ఇంత శ్రమ అక్కర్లేదు, శుభ్రంగా రాసుకున్న ఎక్సెల్ చాలు. రెండు మూడు ల్యాబులు దాటినవాళ్లు మాత్రం తప్పకుండా పెట్టుకోండి. సాఫ్ట్‌వేర్‌కు రూపాయి కట్టక్కర్లేదు, కానీ లైనక్స్ అంటే భయపడని మనిషి ఒకరు, తీరిక ఉన్న కొన్ని వారాలు కావాలి. సెమిస్టర్ పరీక్షల ముందు మొదలుపెట్టకండి, వేసవి సెలవుల్లో పెట్టుకోండి. ఏజెంట్ నింపిన ఫీల్డును మనం చేత్తో మారిస్తే అది లాక్ అవుతుందని, ఆ తర్వాత ఏజెంట్ దాన్ని తాకదని మీతో పనిచేసేవాళ్లందరికీ ముందే చెప్పండి. మావాళ్లు ఒకరు తెలియక పేర్లు సరిదిద్దుతూ పోతే, కొన్నాళ్లకు తెరమీది పేరు ఒకటి, సిస్టమ్ పేరు ఇంకొకటి అయింది. లాక్ తీయడానికి కూడా అందులోనే చోటుంది.

స్టోర్స్ సార్‌కు వచ్చే ఏడాది రిటైర్మెంట్. మొదట్లో ఆయనకు దీని మీద నమ్మకం కుదరలేదు. కరెంటు పోతే లెక్క కూడా పోతుందేమోనని ఆయన బాధ. రోజూ రాత్రి బ్యాకప్ వేరే డిస్కులో పడుతుందని, ఆ డిస్కు రెండో అంతస్తులో ఉందని తీసుకెళ్లి చూపించాను. మొన్న బుధవారం నా టేబుల్ దగ్గరికి వచ్చి, "ఆ ఎగ్జామ్ సెక్షన్ మానిటర్ మినుకుమినుకుమంటోందంట, దాని వారంటీ ఎప్పటిదాకా ఉందో చూడమ్మా" అన్నారు. చూసి చెప్పాను. మార్చి 14 వరకు ఉంది సార్, ఈ రోజే కంపెనీకి కాల్ పెడతాను. ఆయన జేబులోంచి పెన్ను తీసి, ఆ తేదీని కొత్త రిజిస్టర్‌లో కూడా రాసుకుని వెళ్లారు.